అంట్లమర కథాకమామీషు

డిష్‌వాషరును తెలుగులో ఏమనాలని నన్నెవరూ అడగలేదు. నాకు నేనే అడుగుకున్నాను. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పంతులుగా బ్రతికినవాడికి ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు దానికి నామకరణం చెయ్యాలన్న దురద ఒకటి ఉంటుంది. మొదట "పాత్రక్షాళన యంత్రము" అన్నాను. "మీరు ఆ పేరు పలికేలోపు నేను నాలుగు గిన్నెలు తోమేస్తాను" అన్నది మా ఆవిడ. పిండిమర ఉన్నది, బియ్యపుమర ఉన్నది, మరి అంట్లమర ఎందుకుండరాదు? ఆ పేరు స్థిరపడింది, నా మట్టుకు. ఆవిడ మాత్రం నేటికీ డిష్‌వాషర్ అనే అంటుంది.

చాలా రోజుల తరువాత వ్రాస్తున్న ఈ టపా పేర్ల గురించి కాదు. ఆ మర మమ్మల్ని పెట్టిన తిప్పలూ, దానిని నేను పెట్టిన తిప్పలూ, అందులో ఎంతవరకు నేను చెయ్యి పెట్టవచ్చునో, ఎక్కడ చెయ్యి తీసి మెకానిక్కును పిలవాలో తెలియటానికి నాకు పట్టిన కాలమూ, ఇదీ సంగతి. మిత్రుల ఇళ్ళలో కూడా ఇప్పుడు ఈ మరలు కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరికైనా పనికివస్తుందేమో. చివరిలో చెప్పబోయేది మాత్రం పనికివచ్చే సంగతి అని వ్రాయటం లేదు. చెప్పకుండా ఉండలేక వ్రాస్తున్నాను.

మేముండేది వెంగళరావు నగర్. 1973 నుంచి 1978 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావుగారి పేరిట వెలసిన పేట. ఎన్నికలప్పుడు మేము జూబిలీహిల్స్ ఓటర్లము. ఆ మాట ఊళ్ళో బంధువులకు చెబితే మా ఇంటి పక్కనే సినిమా తారలుంటారనుకుంటారు. తారలు కొండ మీద ఉంటారు. కొండ దిగువన యూసఫ్‌గూడ, కృష్ణానగర్‌లలో వాళ్ళ వెనుక గుంపులో నిలబడేవాళ్ళూ, వాళ్ళకు దీపాలు పట్టేవాళ్ళూ, అన్నాలు వడ్డించేవాళ్ళూ ఉంటారు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెది కృష్ణానగరే. ఆమె భర్త షూటింగుల్లో ప్రొడక్షన్ బాయ్. సినిమావాళ్ళ ఎంగిలి పళ్ళేలు ఆయన కడుగుతాడు, మా ఎంగిలి కంచాలు ఆమె కడిగేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. షూటింగులు ఆగాయి. ఆమె రావటమూ ఆగింది. జీతం మేము ఆపలేదు, అది గొప్పగా చెప్పుకోవటానికి కాదు, ఆపితే ఆ ఇంట్లో రెండు జీతాలూ ఒకేసారి పోతాయి. చిరంజీవిగారి ఆధ్వర్యంలో ఏర్పడిన కరోనా క్రైసిస్ ఛారిటీ వారు సినీకార్మికులకు పంచిన సరుకులు తమకూ అందాయని ఫోనులో చెప్పింది. ఇక్కడ మా ఆవిడ మళ్ళీ అంట్లు తోమటం మొదలుపెట్టింది. ఆమెకు కీళ్ళవాతం. వేళ్ళ కణుపులు ఉబ్బి, ఉదయం లేవగానే పిడికిలి ముడుచుకోదు. నేను సాయం చెయ్యలేదా అంటే, గిన్నెలు తుడిచి బోర్లించేవాణ్ణి. తోమటం నాకు రాదని ఆవిడే పక్కకు జరిపేది, నేనూ జరిగేవాణ్ణి. వీడియోలో వాళ్ళమ్మ వేళ్ళు చూసిన మా అబ్బాయి డల్లాస్ నుంచే ఒక మరకు డబ్బు కట్టాడు. ఆ రోజుల్లో అందరికీ అదే ఆలోచన వచ్చినట్టుంది. సరుకు లేదని దుకాణంవాళ్ళు త్రిప్పి త్రిప్పి జూలై నెలాఖరుకు తెచ్చి దింపారు.

ఈ మర పుట్టుక సంగతి చదివితే నాకు ముచ్చట వేసింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు జోసెఫీన్ కాక్రేన్ అనే ఆవిడ, పనివాళ్ళు తోమేటప్పుడు తన పింగాణీ పళ్ళేల అంచులు పెచ్చులూడుతున్నాయని విసిగి, తానే ఒక యంత్రాన్ని ఊహించింది. అంతలో 1883లో భర్త పోయి అప్పులు మిగిలాయి. ముచ్చటగా మొదలైన పని బ్రతుకుతెరువైంది. 1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె మరలు అక్కడి భోజనశాలల్లో పళ్ళేలు కడిగాయి. అదే ప్రదర్శన సందర్భంగా జరిగిన సర్వమత సభలోనే వివేకానందస్వామి ప్రసంగించారు. ఆ ఫిబ్రవరిలోనే ఆయన మన సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో మాట్లాడి వెళ్ళారు. ఆ ప్రసంగం గురించి ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పాను కాని, అదే ఊళ్ళో అదే ఏడు ఒక స్త్రీ అంట్ల బాధకు విరుగుడు చూపించిందని నాకు తెలియనే తెలియదు.

సరే, మర వచ్చింది. ఆగస్టులో కృష్ణానగర్ నుంచి ఆమె కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి దాన్ని చూసి, "గిది గిన్నెలు కడుగుతదా అమ్మా? గట్లయితే నేను రావొద్దా మరి?" అన్నది. మా ఆవిడ, "ఇది ఇత్తడి కడగదమ్మా, మూకుడు కడగదు, ఇల్లు ఊడవదు. నువ్వు రాకపోతే ఎట్లా" అన్నది. ఆ మాట ఓదార్పుకు అన్నది కాదు, నిజమే. ఇత్తడి, రాగి ఈ మరలో పెడితే మెరుపు పోతుంది. సత్తుగిన్నెలు నల్లబడతాయి, ఎందుకంటే మరలో వేసే బిళ్ళలో క్షారం ఎక్కువ. ఇనుపమూకుడు తుప్పుపడుతుంది. చెక్క గరిటెలు పగులుతాయి. స్టీలు, గాజు, పింగాణీ, ఇవే దాని సామ్రాజ్యం. తెలుగువాళ్ళ వంటింట్లో సగమే దాని పాలనలో ఉంటుంది.

మొదటి రోగం మూడో నెలలో వచ్చింది. తలుపు తీస్తే అడుగున బెత్తెడు మురికినీళ్ళు. నేను భయపడి వీధి చివర ఒక మరమ్మతువాడిని పిలిచాను. అతడు అడుగున ఒక్కసారి టార్చి వేసి, "పంపు కాలిపోయింది సార్, ఆరువేల అయిదు వందలవుతుంది" అన్నాడు. గ్యారంటీలో ఉన్న వస్తువును బయటివాడికి చూపించటమే మొదటి తప్పని మా అబ్బాయి కేకలు వేశాడు. కంపెనీ వాళ్ళకు ఫోను చేస్తే, మనిషి రావటానికి నాలుగు రోజులు పడుతుందనీ, ఈలోగా ఫిల్టరు చూసుకొమ్మనీ ఒక అమ్మాయి చెప్పింది. ఫిల్టరు ఎక్కడుంటుందమ్మా అని అడిగితే, "కింద మధ్యలో సార్, ఎడమవైపు త్రిప్పితే ఊడి వస్తుంది" అన్నది.

ఊడి వచ్చింది. దాని కడుపులో మెతుకులు, కరివేపాకు ఈనెలు, ఆవాలు, ఒక పుల్ల. సరిగ్గా మూడు నెలల మా భోజనచరిత్ర. ప్లగ్గు తీసేసి (ఇది ముందు వ్రాయవలసింది: ఏది ముట్టుకోవాలన్నా ముందు ప్లగ్గు), అడుగు నీళ్ళను గ్లాసుతో తోడి, స్పాంజితో అద్ది, కింద చిన్న మూత తీసి చూస్తే, నీళ్ళను బయటికి తోసే పంపు రెక్కల మధ్య నిమ్మగింజ ఒకటి ఇరుక్కొని ఉన్నది. చెంచా కాడతో కదిపితే వచ్చేసింది. మళ్ళీ ప్లగ్గు పెడితే మర గుటగుటమని నీళ్ళు కక్కింది. ఆరువేల అయిదు వందల నిమ్మగింజ! దాన్ని రెండు రోజులు కిటికీలో దాచుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా నీళ్ళు పోవటం లేదంటే నేను అడిగేవి రెండే. ఫిల్టరు కడిగారా? వెనుక గొట్టం గోడకూ మరకూ మధ్య నలిగిందా? ఆ గొట్టం సింకు కింద కొంత ఎత్తుకు లేచి దిగాలి, లేకపోతే సింకులో మురికి వెనక్కి వస్తుంది. ఫిల్టరును వారానికొకసారి కుళాయి కింద పాత పళ్ళబ్రష్షుతో రుద్దితే సగం రోగాలు రావు, కంపు కూడా రాదు. కంచాలను ముందే కడిగి పెట్టనక్కరలేదు. మెతుకులు దులిపితే చాలు. మా ఆవిడ మొదట్లో శుభ్రంగా కడిగి మరలో పెట్టేది. "ఎంగిలిది లోపల పెట్టటానికి మనసొప్పదు" అనేది.

ఆ నిమ్మగింజతో నాకు గర్వం వచ్చింది. గర్వం వచ్చాక జరిగినవి కొన్ని వరుసగా చెబుతాను. ఒకసారి బిళ్ళలు అయిపోతే, చేత్తో తోమేటప్పుడు వాడే గిన్నెలసబ్బు ద్రవం రెండు చెంచాలు పోశాను. అరగంటలో తలుపు సందుల్లోంచి నురుగు వంటింట్లోకి నడిచివచ్చింది. ఈ మరలో పనిచేసేది నురుగు కాదు, వేడినీళ్ళ దెబ్బ. నురుగు వస్తే పంపు గాలి మింగి నీళ్ళు చిమ్మలేదు. నురుగంతా తోడిపోసి, ఖాళీ మరను చన్నీళ్ళతో మూడుసార్లు త్రిప్పితే గాని కుదుటపడలేదు. మరొకసారి నీళ్ళే ఎక్కలేదు. కుళాయికి గొట్టం కలిసేచోట చిన్న జల్లెడ ఉంటుంది. అందులో బోరు ఇసుక నిండిపోయింది. కుళాయి కట్టి, గొట్టం విప్పి, కడిగి పెడితే ఎక్కాయి. పై అంతస్తుల్లో, సరిగ్గా ట్యాంకు కిందే ఉండేవాళ్ళకు జల్లెడ శుభ్రంగా ఉన్నా నీళ్ళు ఎక్కకపోవచ్చు. పది మీటర్ల ఎత్తు నీరు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. ట్యాంకు నెత్తిమీదే ఉంటే ఆ ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుంది?

కనిపెట్టినవన్నీ నేనే కనిపెట్టానని అనుకోకండి. ఒక పండుగనాడు చుట్టాలు వచ్చి వెళ్ళాక ఉదయమే మర వేశాము. ఇల్లు ఊడుస్తున్న ఆమె చీపురు ఆపి, "సారూ, సప్పుడు మారింది. లోపట తిరిగేది తిరుగుతలేదు" అన్నది. ఆమె ఒక్కనాడు ఆ మరను నడిపినది కాదు. ఆపి చూస్తే, పోపుగరిటె కాడ కింది అరలోంచి పొడుచుకువచ్చి, నీళ్ళు చిమ్మే రెక్కను అడ్డగించింది. ముప్పై ఏళ్ళుగా గిన్నెల చప్పుడు మధ్య బ్రతికిన చెవి. ఆ రెక్కలకుండే సన్నని రంధ్రాల్లో కూడా జీలకర్ర ఇరుక్కుంటుంది, పంటిపుల్లతో పొడిస్తే పోతుంది. ఈ మాట కూడా ఆమెదే.

ఇక నీళ్ళ సంగతి. నేను నల్లగొండ జిల్లాలో ఉద్యోగం చేసినవాణ్ణి. ఫ్లోరైడు నీళ్ళు త్రాగి పళ్ళు పసుపు గారలు కట్టిన పిల్లలకు, కాళ్ళు వంకర్లు పోయిన పిల్లలకు పద్యాలు చెప్పాను. పటిక, సున్నం వేసి ఫ్లోరైడును దించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టింది. అటువంటివాడికి నీళ్ళను కంటితో చూసి నమ్మకూడదని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా నమ్మాను. మా ఇంటికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు. మిగతాది బోరు. మన నగరం గండశిల మీద కూర్చున్నది, బోరు నీళ్ళలో సున్నపు పాలు ఎక్కువ. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని సమ్మతిస్తుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకొమ్మంటుంది. మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే 520.

ఈ సున్నాన్ని పట్టటానికి మర అడుగున రెసిన్ పూసల పొట్లం ఒకటి ఉంటుంది. ఆ పూసలు నీళ్ళలోని కాల్షియాన్ని పట్టుకొని సోడియాన్ని విడుస్తాయి. పట్టుకొని పట్టుకొని నిండిపోతే, ఉప్పునీళ్ళతో వాటిని మళ్ళీ కడగాలి. అందుకే మరకు ప్రత్యేకమైన ఉప్పు పొయ్యాలి, నీళ్ళ కాఠిన్యం ఎంతో దానికి చెప్పాలి. ఈ ఉప్పు అంగడి ఉప్పుకు ఎన్నో రెట్లు ధర. ఉప్పు ఉప్పే కదా, సోడియం క్లోరైడే కదా అని తర్కించి, నేను ఏడాదిన్నర పాటు కళ్ళుప్పు పోశాను. కళ్ళుప్పులో మట్టి ఉంటుంది, మెగ్నీషియం ఉంటుంది, కాల్షియమే ఉంటుంది. దేనిని కడగటానికి పోస్తున్నానో దానినే పోస్తున్నానన్నమాట. మెత్తని అయోడిను ఉప్పు కూడా పనికిరాదు, గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థాలు పూసలకు అడ్డుపడతాయి.

గ్లాసుల మీద తెల్లని పొర వచ్చింది. మా ఆవిడ నిమ్మచెక్కతో రుద్ది చూపించింది, పోయింది. పోతే అది సున్నం, పోకపోతే గాజే అరిగిపోయిందన్నమాట, దానికి మందు లేదు. నేను నిమ్మఉప్పు వేసి ఖాళీ మరను వేడినీళ్ళతో త్రిప్పి, రోగం కుదిర్చానని సంతోషించాను. గ్లాసుల మీది సున్నం కనిపించింది. హీటరు మీది సున్నం కనిపించలేదు.

2023 జూన్‌లో మా ఆవిడ, "చేతికి జివ్వుమంటోందండీ" అన్నది. కీళ్ళవాతం మనిషి, అరవై దాటిన మనిషి. డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆవిడ నోరు తెరిచేలోపు నేనే, "తిమ్మిర్లండీ, వేళ్ళకు తిమ్మిర్లు" అని చెప్పాను. ఆయన అడగవలసినవి అడిగి, నరాలకు బి12 మాత్రలు వ్రాశారు. తిమ్మిర్లని చెబితే ఎవరైనా అవే వ్రాస్తారు. రెండు వారాల తరువాత మళ్ళీ అన్నది. సాయంత్రంపూట ఎక్కువగా ఉంటోందని కూడా అన్నది. "మాత్రలు పనిచెయ్యటానికి టైము పడుతుంది" అన్నాను.

మా ఆవిడ వంటింట్లో చెప్పులు వేసుకోదు. అది వాళ్ళ పుట్టింటి ఆచారం. నాకు మడమశూల, డాక్టరు చెప్పాడని నేను ఇల్లంతా రబ్బరు చెప్పులతోనే తిరుగుతాను. ఆగస్టులో ఒక సాయంత్రం స్నానం చేసి, చెప్పులు మరచి, తడికాళ్ళతో వంటింట్లోకి వెళ్ళి, నడుస్తున్న మర తలుపు మీద చెయ్యి వేసి సింకులో గ్లాసు అందుకోబోయాను.

జివ్వుమన్నది.

మోచేతిదాకా ప్రాకింది. చెయ్యి లాక్కున్నాను, గ్లాసు పగిలింది. ఆవిడ పరుగెత్తుకొచ్చి, "ఏమిటండీ?" అన్నది. నేను జవాబు చెప్పకుండా ముందు గోడ మీద మెయిన్ కట్టేశాను. చీకట్లో నిలబడి, "నీకు చెయ్యి జివ్వుమనేది ఇక్కడేనా?" అని అడిగాను. "ఇక్కడే. మర మీద చెయ్యి వేసినప్పుడల్లా. చెప్పానుగా" అన్నది.

చెప్పింది. రెండు నెలలు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదో తరగతిలో అనుకరణ పదాల పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లల చేత బాధల జాబితా వ్రాయించేవాణ్ణి. తల పోటు, పన్ను సలుపు, కాలు పీకు, నడుము కలుక్కు, సూది చురుక్కు, వేలు తిమ్మిరి. ఒక్కొక్క మాట ఒక్కొక్క బాధకే చెల్లుతుంది, దీని చోట అది పెడితే మార్కు పోతుంది అనేవాణ్ణి. తిమ్మిరి అంటే స్పర్శ లేకపోవటం. జివ్వు అంటే లేనిది ఏదో వచ్చి ప్రాకటం. మా ఆవిడ సరైన మాటే అన్నది. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొందిన నేను ఆ మాటను కొట్టేసి, తప్పు మాట వ్రాసి డాక్టరుకు అప్పజెప్పాను. ఆవిడ చేతిలో తడిగిన్నె, కాళ్ళ కింద తడినేల, పక్కన కుళాయి. అది మరికొంచెం ఎక్కువ పారి ఉంటే ఈ టపా నేను వ్రాసేవాణ్ణి కాదు.

మరునాడు ఎలక్ట్రీషియను వచ్చాడు. టెస్టరు మర ఒంటికి ఆనిస్తే వెలిగింది. 15 ఆంపియర్ల సాకెట్టు విప్పి, "సార్, మూడో తీగ ఏదీ?" అన్నాడు. మూడు బెజ్జాలున్నాయి, పైబెజ్జం వెనుక తీగే లేదు. మేము ఈ ఇంట్లోకి 2018లో వచ్చాము. అంతకుముందు ఎవరో వంటగట్టు మార్చినప్పుడు రెండు తీగలే లాగి మూసేశారు. ఇంటి వెనుక ఎర్తు గొయ్యి కూడా ఎండి, తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉన్నది. అతడు చెప్పినదాన్ని నేను అర్థం చేసుకున్నట్టుగా చెబుతాను. మరలో ఎక్కడైనా కరెంటు కారితే, అది మూడో తీగ వెంట భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే ఒంటిమీదే కాచుకొని కూర్చుంటుంది. ఎవరైనా తడిచేత్తో ముట్టుకుంటే వాళ్ళే దారి అవుతారు. పెట్టెలో ఉన్న ఎమ్‌సీబీ కాపాడలేదా అంటే, అది తీగలు వేడెక్కి కాలిపోకుండా కాపాడుతుంది, మనుషులను కాదు. దాదాపు ఒక మిల్లీ ఆంపియరుకే మనిషికి జివ్వుమంటుంది. ఎమ్‌సీబీకి అది లెక్కే కాదు. 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే వేరే స్విచ్చు ఉంటుంది, ఆర్‌సీసీబీ అంటారు. మా ఇంట్లో అది లేదు. ఇప్పుడున్నది.

గొయ్యి కొత్తగా తవ్వించాము. అందులో వెయ్యటానికి బొగ్గు, ఉప్పు కావాలన్నాడు. ఇంట్లో మిగిలిన కళ్ళుప్పు బస్తా తెచ్చి ఇచ్చాను. అది చేరవలసిన చోటికి అప్పుడు చేరింది.

కంపెనీ మెకానిక్కు రావటానికి పన్నెండు రోజులు పట్టింది. పాతికేళ్ళ కుర్రవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. మరను పక్కకు త్రిప్పి, అడుగు రేకు విప్పి, మీటరు పెట్టి చూసి, హీటరు చూపించాడు. దాని చుట్టూ సున్నం గవ్వలా పేరుకొని ఉన్నది. "సున్నం కట్టితే వేడి నీళ్ళకు పోదు సార్, లోపలే ఉండి హీటరు తొడుగు చిట్లిపోతుంది. ఉప్పు ఏది పోస్తున్నారు?" అని అడిగాడు. చెప్పాను. అతడు ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. "దీనివల్లేనా నాయనా?" అని నేనే అడిగాను. "కావచ్చు సార్. హీటరు ఊరకే కూడా పోతుంది" అన్నాడు. గ్యారంటీ దాటింది కాబట్టి హీటరుకు, పనికి కలిపి ఏడువేల పైచిలుకు అయింది. నిమ్మగింజ దగ్గర మిగిల్చుకున్నది వడ్డీతో చెల్లించాను.

వెళ్ళబోతూ అతడు చెప్పిన మాటల్ని నా మాటల్లో పెడుతున్నాను. చేతికి అందేది, స్క్రూ విప్పకుండా ఊడివచ్చేది ఏదైనా మనది: ఫిల్టరు, రెక్కలు, జల్లెడ, గొట్టం, తలుపు చుట్టూ ఉండే రబ్బరు, ఉప్పు, బిళ్ళ. స్క్రూ విప్పితే గాని కనబడనిది వాళ్ళది. శుభ్రం చేసినా అదే తప్పు అంకె తెర మీద మళ్ళీ మళ్ళీ వస్తుంటే వాళ్ళది. అడుగు పళ్ళెంలోకి నీళ్ళు దిగితే లోపలి బెండు తేలి మర ఆగిపోతుంది, నీళ్ళు బయటికి పంపుతూనే ఉంటుంది. దాన్ని వంచి ఆరబెట్టి మళ్ళీ నడిపిస్తారు కొందరు. ఆ నీళ్ళు ఎక్కడనుంచి దిగాయో తెలియకుండా అట్లా చెయ్యకూడదు. ముగిసిన వెంటనే తలుపు తీసినా స్టీలు గిన్నెలు చల్లగా ఉంటే హీటరు పనిచెయ్యటం లేదన్నమాట. (ప్లాస్టిక్ డబ్బాలు తడిగా ఉండటం మాత్రం రోగం కాదు, వాటిలో వేడి నిలవదు.) కాలిన వాసన వచ్చినా, మెయిన్ పడిపోతున్నా, ముట్టుకుంటే ఏ కొంచెం తేడాగా ఉన్నా ప్లగ్గు తీసి, ఇక దాని జోలికి పోకుండా ఫోను చెయ్యాలి. ఈ చివరిదానికి నేనొకటి చేర్చుకున్నాను. ఇంట్లో ఎవరు ముట్టుకొని ఏ మాట అన్నారో ఆ మాటనే ఫోనులో చెప్పాలి.

ఆ పన్నెండు రోజులూ అంట్లు నేను తోమాను. కృష్ణానగర్ ఆమె రెండు పూటలా వస్తానన్నది. వద్దన్నాను. మా ఆవిడ పక్కన స్టూలు వేసుకొని కూర్చుని చెప్పింది. ముందు పాలగిన్నె కాదు, ముందు గ్లాసులు. జిడ్డువి చివర. పీచుతో గుండ్రంగా రుద్దకూడదు, అడుగంటినదాన్ని నానబెట్టి ఒకే వైపుకు లాగాలి. ఇడ్లీరేకుల బెజ్జాలు వెనుకవైపునుంచి తోమాలి. మూడోనాటికి నా వ్రేళ్ళ సందులు ఒరిసి మంటపెట్టాయి. అయిదోనాడు ఆవిడ, "మీకు చేతనవుతోందండీ" అన్నది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ పనికి నాకు దొరికిన మొదటి మార్కు.

ఇప్పుడు మర బాగానే నడుస్తున్నది. దాని ఉప్పు దానికే పోస్తున్నాను. మా ఆవిడ వంటింట్లో రబ్బరు చెప్పులు వేసుకోవటానికి ఒప్పుకోలేదు. మర ముందు రబ్బరు పట్టా పరిస్తే మాత్రం ఒప్పుకున్నది.

మొన్న ఉదయం కాఫీ ఇస్తూ, "మోకాలు కలుక్కుమంటోంది" అన్నది. "కలుక్కుమంటోందా, పీకుతోందా?" అని అడిగాను. ఒక క్షణం ఆలోచించి, "కలుక్కే. మెట్లు దిగేటప్పుడు" అన్నది. కాగితం తీసి డాక్టరుగారి కోసం ఆ రెండు మాటలూ అట్లాగే వ్రాసిపెట్టాను.